దబీర్‌పురాకు వచ్చు చుట్టములు

మొహర్రము సమీపించుచుండగా హైదరాబాదు పాతబస్తీలోని దబీర్‌పురా గల్లీలలో దూరదేశపు చుట్టములు కానవత్తురు. 1970వ దశకమున చమురు ధర పెరిగి గల్ఫు దేశములలో కొలువులు విస్తరించిన పిమ్మట జెద్దాకును దుబాయికిని, అటుతరువాత చికాగోకును తరలిపోయిన కుటుంబముల బిడ్డలు, తాతల నాటి గడపను కన్నులార చూచిపోవలెనన్న అభిలాషతో వచ్చి, ఖాలాల యిండ్లలోను చాచాల యిండ్లలోను విడిది చేయుదురు; నగర ప్రాకారపు పదుమూడు దర్వాజాలలో పురానాపూల్ దర్వాజాయు, ఈ దబీర్‌పురా దర్వాజాయు మాత్రమే మిగిలినవని విని, ఆటోలు సందు విడువని ఆ కమాను క్రింద నిలిచి ఫొటోలు దిగుదురు. ఇంతవఱకు ఆక్షేపింపదగిన దేమియు లేదు. నా ఆక్షేపణయెల్ల, అటుపిమ్మట ఇంటికి వచ్చి వారు పెట్టెడు అంగలార్పును గూర్చియే.

ఒక మిత్రుని యింట నేను చూచినదానిని చెప్పెదను. నడుమ ముంగిలియు చుట్టును వసారాలును గల ఆ పాత యిల్లు అన్నదమ్ముల పంపకములో మూడు వాటాలు కాగా, ముంగిట ఇటుక గోడ లేచెను. షాబాదు బండలు పోయి టైల్సు వచ్చెను. వీధి కొయ్యతలుపునకు మాఱుగా ఇనుప గేటు నిలిచెను. దస్తర్‌ఖాను పఱచి ఖట్టీ దాలును, బఘారా బైంగనును వడ్డించుచున్న నానీని, చికాగో నుండి వచ్చిన మనుమడు, ఆ తలుపు నేల తీసివేసితిరని నిలదీసెను. ఆమె కోపింపలేదు. "చెదలు పట్టింది బేటా. వానాకాలం ఉబ్బిపోతే, రాత్రి మూయాలంటే ఇద్దరు కావాలి. మీ నానాకు మోకాళ్ల నొప్పులు" అనుచు మఱియొక వంకాయను అతని పళ్లెములో వేసెను. ఇందలి వింత యేమనగా, ఆ గేటునకును టైల్సుకును పైకము పంపినది ఆ కుఱ్ఱవాని తండ్రియే!

ఈ జాడ్యము పాతబస్తీకే పరిమితము కాదు. అమెరికా నుండి తెనాలికి వచ్చు మన పిల్లలును పెంకుటిల్లు పోయెనని కన్నీరు పెట్టుదురు గాని, ఏటేట పెంకు తిరుగవేయించు బాధ యెఱుగరు.

మాఱనిది దబీర్‌పురాలో లేదా యనిన, కలదు. కుతుబ్‌షాహీల నాటి నుండి వచ్చుచున్న బీబీ కా ఆలమ్ అను పీరు, ప్రవక్త కూతురు ఫాతిమా బీబీ అంత్యస్నానపు పలక ఖండము తనలో గలదని భక్తులు విశ్వసించు ఆ ఆలమ్, అషూరా నాడు ఇచ్చటి బీబీ కా అలావా నుండి ఏనుగుపై వెడలి, చార్మినారు, పురానీ హవేలీ, దారుల్‌షిఫాల మీదుగా చాదర్‌ఘాట్ చేరును. అయినను ఆ ఏనుగు తనంత తాను నడచి రాదు. ఇటీవల దానిని పొరుగు రాష్ట్రముల నుండి తెప్పింపవలసి వచ్చుచున్నది. అనుమతులు, లారీ, మావటి, మేత, ఇన్నిటికిని ఎవరో తిరుగవలెను.

ఆ దినములలో సబీలు వద్ద మంచుగడ్డ మోసి, బాటసారులకు షర్బతు పోయుచు, నల్లని కుర్తా చెమటతో తడిసిన ఆ మనుమనినే నేను మరల చూచితిని. తలుపు మాట అతనికి జ్ఞప్తికి వచ్చిన జాడ లేదు. కావున దబీర్‌పురా గృహిణులకు నా విన్నప మొక్కటే: వచ్చిన చుట్టమునకు మర్యాదలు కొంత తగ్గించి పని యప్పగింపుడు. తెల్లవాఱుజామున కుళాయి వచ్చినపుడు డ్రమ్ములు నింపనిండు. కరెంటు బిల్లుకు వరుసలో నిలువనిండు. నానాను ఆసుపత్రికి అతనినే తీసికొని పోనిండు.