కోడిగ్రుడ్డు ఆకారపు కాలువ

మా వృత్తిలో ఆనకట్టకు ఉన్న గౌరవం మురుగు కాలువకు లేదు. పూడిపోయిన నాడు తప్ప అది ఎవరికీ జ్ఞప్తికి రాదు. కనుక ఈ మాసం దానినే విషయంగా స్వీకరిస్తున్నాము.

1842లో ఇంగ్లండులో ఎడ్విన్ చాడ్విక్ శ్రామిక ప్రజల పారిశుధ్యంపై ఒక నివేదిక ప్రకటించాడు. ఆయన ఇంజనీరు కాదు, న్యాయశాస్త్రం చదివినవాడు. ఆ నివేదికలోని ఒక చిన్న పట్టిక చూసిన ప్రతిసారీ మేము ఆగిపోతాము. మాంచెస్టరులో మరణించినవారి సగటు వయస్సు ఉన్నత వర్గాలలో 38, వర్తకులలో 20, కూలీలలో 17 సంవత్సరాలు. పల్లెలతో నిండిన రట్లండ్ జిల్లాలో అవే అంకెలు 52, 41, 38. అనగా మాంచెస్టరు ధనికునికీ, రట్లండ్ కూలివానికీ లెక్క ఒక్కటే! కూలి రేట్లు చూడబోతే పల్లెలోనే తక్కువ.

పాఠక మిత్రులలో గణాంకాలు తెలిసినవారు వెంటనే అభ్యంతరం చెప్పవచ్చును. సగటు మరణ వయస్సు ఆయుర్దాయం కాదు. పడుచు దంపతులు వలసవచ్చి, పసిపిల్లలు అధికంగా ఉన్న ఊరిలో ఆ సగటు దానంతట అదే పడిపోతుంది. 1844లోనే నీసన్ అనే గణాంకవేత్త ఈ లోపాన్ని ఎత్తిచూపాడు. విమర్శ న్యాయమైనదే. కాని అదే నివేదికలో మరొక అంకె ఉన్నది: మాంచెస్టరు కార్మికుల పిల్లలలో నూటికి 57 మందికి పైగా అయిదేళ్ళు నిండకుండానే మరణించారు. దీనిని ఏ సూత్రంతో సవరించగలము?

వీపుకు వీపు ఆనించి కట్టిన ఇళ్ళు. వెనుక కిటికీకి తావే లేదు. ఇరుకు వాకిలి చుట్టూ ఉన్న కుటుంబాలన్నింటికీ ఒకటి రెండు మరుగుదొడ్లు. లివర్పూలులో వేలాదిమంది నేలమాళిగలలోనే కాపురముండేవారు.

దుర్గంధమే రోగకారణమని చాడ్విక్ నమ్మాడు. సిద్ధాంతం తప్పు, కోరిన పనులు మాత్రం సరియైనవి: ఇంటింటికీ నీరు, చాలినంత వాలు, కోడిగ్రుడ్డు ఆకారపు కాలువ. సమతలమైన అడుగు గల పాత ఇటుక కాలువలో స్వల్ప ప్రవాహం పరచుకొని మందగిస్తుంది, మడ్డి నిలుస్తుంది. సన్నని కొన క్రిందికి ఉంచితే అదే నీరు లోతుగా, వేగంగా పారి మడ్డిని తోసుకుపోతుంది. విద్యార్థి దశలో ఈ లెక్కను మార్కుల కోసం మాత్రమే చేశాము.

తప్పు సిద్ధాంతానికి మూల్యం లేకపోలేదు. లండను మురుగును థేమ్స్ నదిలోకి తోశారు. త్రాగునీటి కంపెనీలలో కొన్ని ఆ నది నుండే నీరు తోడేవి. 1848–49 కలరాలో అక్కడ 14,000 మందికి పైగా మరణించారు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని జాన్ స్నో 1854లో బ్రాడ్ వీధి పంపు వద్ద చూపినా అధికారులు చాలాకాలం నమ్మలేదు.

1858 వేసవిలో నది కంపు పార్లమెంటు భవనంలోకే వచ్చింది. అప్పుడు బాజల్జెట్ పథకానికి నిధులు విడుదలైనాయి. 1866లో కలరా తిరిగి వచ్చేనాటికి నగరంలో అధిక భాగానికి కొత్త కాలువలు అందాయి. నిరుపేదల తూర్పు లండనులో మాత్రం పని పూర్తి కాలేదు. ఆ ప్రాంతపు నీటి కంపెనీ వడపోయని నీటిని కూడా సరఫరా చేసింది. లండనులో ఆ యేడు మరణించిన సుమారు 5,500 మందిలో అత్యధికులు తూర్పు వాడలవారే. అక్కడి మురుగును ఎత్తిపోయవలసిన ఆబీ మిల్స్ పంపింగ్ స్టేషను 1868లో ప్రారంభమైనది.