జూనియర్ లాయర్ జీతం దయాధర్మం కాదు

పొద్దున్నే బొల్లారంలో రైలో బస్సో పట్టుకుని, నల్లకోటు చేతిమీద, కేసుకట్టలు చంకలో పెట్టుకుని కోర్టుకు బయల్దేరే కుర్ర లాయర్ల బతుకు మనం పట్టించుకోవాలి. సికింద్రాబాద్ కోర్టుకో, మదీనా దగ్గరి హైకోర్టుకో చేరగానే వకాల్తా దాఖలు చేయాలి, కేసు పిలిచేదాకా కాచుకోవాలి, సీనియర్ రాలేకపోతే జడ్జిగారిని బతిమాలి వాయిదా తీసుకోవాలి. ఇంత చాకిరీకి చాలామంది చేతికొచ్చేది దారిఖర్చులే. ‘పని నేర్పుతున్నాం కదా’ అంటే సరిపోదు. నేర్చుకునేవాడికీ ఇంటద్దె ఉంటుంది, ఆకలి ఉంటుంది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు, 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని తేల్చిచెప్పింది. గడప దాటడం తేలికైంది, లోపల నిలదొక్కుకోవడమే కష్టం. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమంది. కానీ అది సిఫార్సు మాత్రమే, ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన లా నేస్తం పథకం జూనియర్ లాయర్లకు నెలకు 5 వేలు ఇచ్చింది. సర్కారు చేయూత మంచిదే, కానీ పని చేయించుకునేవారి బాధ్యత దాంతో తీరిపోదు. ఇంట్లో లాయరున్నవాడు మూడేళ్లు ఓపిక పట్టగలడు. ఆటో డ్రైవర్ కూతురు పట్టలేదు. ఆమె వృత్తి వదిలేస్తే నష్టపోయేది పేద కక్షిదారే. సీనియర్లు నెలనెలా జీతం బ్యాంకు ఖాతాలో వేయాలి. అది కచ్చితంగా అమలయ్యేలా చూసే బాధ్యత తెలంగాణ బార్ కౌన్సిల్ తీసుకోవాలి.