పరీక్షకు పట్టు ఎందుకు?

ఢిల్లీ నగరంలో అశోకా రోడ్డు గోల్ డాక్‌ఖానా నుండి బయలుదేరి, బంగ్లా సాహిబ్ గురుద్వారా ప్రక్కగా, పటేల్ చౌక్, విండ్సర్ ప్లేస్ దాటుకొని ఇండియా గేటును చేరుతుంది. ఆ చివరనే ఒకటవ నంబరు ప్రాంగణం, ఆంధ్రా భవన్. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కూడ ఢిల్లీ తెలుగువారి నోట ఆ పేరే నిలిచిపోయినది. అక్కడి భోజనశాలలో పప్పు, కందిపొడి, నెయ్యి ముందు పెట్టుకొని మన సంస్థ ఉద్యోగులు పరిష్కరించని సమస్య ఉండదు. బదిలీలు, పిల్లల చదువులు, సంబంధాలు, అన్నీ అక్కడే తేలుతాయి. గత సంవత్సరం అటువంటి ఒక భోజన సమయంలో మేము ఒక సలహా ఇచ్చాము. అది తప్పుడు సలహా. ఈ మాసపు శీర్షికను ఆ తప్పు ఒప్పుకొనడానికే వినియోగించుకొంటున్నాము.

మా సహోద్యోగి ఒకరు విశాఖపట్నం నుండి బదిలీపై వచ్చి నాలుగేండ్లయినది. ఆయన పెద్దమ్మాయికి అప్పుడు పన్నెండేండ్లు. ఆరేండ్ల ప్రాయం నుండి కూచిపూడి నేర్చుకొంటున్నది. కేంద్ర ప్రభుత్వపు సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అందరూ సి.సి.ఆర్.టి. అని పిలిచే సంస్థ, 1982 నుండి పదికి పధ్నాలుగేండ్లకు నడుమ వయస్సుగల బాలబాలికలకు కళాభ్యాసం కొరకు ఉపకార వేతనాలు ఇస్తున్నది. నిపుణుల ఎదుట ప్రదర్శించి ఎంపిక కావలసి ఉంటుంది. ఇటువంటి పరీక్షలు మరికొన్ని కూడ ఉన్నవి. అందులో ఒకదానికి ఆ అమ్మాయికి పిలుపు వచ్చినది. తండ్రిగారు మమ్ములను అడిగిన ప్రశ్న ఒక్కటే: "అమ్మాయికి ఏమి కట్టించమంటారు?"

నాట్యశాస్త్రంలో మా పాండిత్యం ప్రేక్షకుల వరుసలను దాటినది కాదు. అయినను తడుముకొనకుండ చెప్పాము: "పూర్తి కాస్ట్యూమ్ వేయించండి. పట్టు, నగలు, జడ, గజ్జెలు, ఏదీ లోటు రానీయకండి. నలుగురు పిల్లల మధ్య మన పిల్ల తెల్లబోయి నిలబడకూడదు గదా!"

నాట్యం నేర్పే టీచరుగారు అంతకు ముందే "ప్రాక్టీసు చీర చాలునండీ" అన్నారట. ఆ మాటను తల్లిదండ్రులు మరొక విధంగా అర్థం చేసికొన్నారు. తమకు ఖర్చు తప్పించడానికి ఆమె మొగమాటపడి అట్లా అన్నదని! మధ్యతరగతివారమైన మనకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. తక్కువ ఖర్చుతో అయ్యే పనిని ఎవరైనా సూచించగానే, మన స్తోమతును చూచి చెప్పినారేమోనని అనుమానిస్తాము.

సహకార పరపతి సంఘంలో అప్పు మంజూరైనది. ధర్మవరం పట్టుచీర ఒకటి వచ్చినది. దానిని కోయించి, పైజామా, ముందు విచ్చుకొనే ఫ్యాను, పైట, నడుముకు పట్టీ, వేర్వేరు భాగాలుగా కుట్టించారు. ఎదిగే పిల్ల గదా అని నడుము దగ్గర రెండంగుళాలు వదులు, లోపల మడత, పొడవులో మరొక రెండంగుళాలు! స్కూలు యూనిఫారం దగ్గర నుండి పెండ్లి పట్టుపావడా వరకు మనం పాటించే సూత్రమే ఇది. తొడిగి చూచినరోజు మేమూ అక్కడే ఉన్నాము. అమ్మాయి అద్దం ముందు అరమండిలో కూర్చొని, క్రిందికి చూచి, "మామయ్యగారూ, ఇందులో నా మోకాళ్ళు నాకే కనబడటం లేదు" అన్నది. అందరమూ నవ్వాము. "ఎంత ముద్దుగా ఉన్నదో!" అని తల్లి దిష్టి తీసినది.

పరీక్ష జరిగినది నాలుగైదు నిమిషాలు. లోపలికి పెద్దలను రానీయరు. బయటకు వచ్చిన పిల్ల కన్నీళ్ళు పెట్టుకొనలేదు. వడ్డాణం పిన్నీసు ఊడి చేతిలో ఉన్నది. రెండవ జతి నడుస్తుండగా నడుముపట్టీ జారడం మొదలుపెట్టినదట. అప్పటి నుండి ఎడమ మోచేతితో దానిని అదుముకొంటూ ఆడినది. ఎడమ చేయి ఎత్తవలసిన చోట ఎత్తలేదు. కొత్త పట్టు మీద కాలు జారుతుందేమోనన్న భయంతో పూర్తిగా కూర్చొననూ లేదు. "నాకు అడుగులన్నీ వచ్చు, కాని బట్టలు రానీయలేదు" అని మాత్రం అన్నది. ఫలితం ఏమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. తప్పు పరీక్షకులది కాదు, దర్జీది కూడ కాదు. కొలతలు వదులుగా తీయమన్నది మనవారే. పట్టు కట్టించమన్నది మేము.

ఆ తరువాత ఒక ఆదివారం టీచరుగారిని కలిసి సంజాయిషీ చెప్పుకొన్నాము. ఆమె మందలించలేదు. తరగతి జరుగుతున్న హాలులో ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టి, "పిల్లల కాళ్ళవంక చూడండి" అన్నారు. నూలు చీరను పైజామామీద మోకాలికి కొంచెం క్రిందుగా బిగించి కట్టుకొన్న పిల్లలు పదిమంది వరుసగా అడుగులు వేస్తున్నారు. పది నిమిషాలు చూచేసరికి మావంటి పామరులకు కూడ తేడాలు తెలియసాగినవి. ఒక పిల్ల మోకాళ్ళు పక్కలకు పూర్తిగా తెరచుకొన్నవి. మరొకతె మోకాళ్ళు ముందుకు వాలుతున్నవి. ఒకతె మడమ నేలకు ఆనకముందే లేచిపోతున్నది. ఇంకొకతె వీపు వంగుతున్నది. "పరీక్షకులు చూసేది ఇదేనండీ. పిల్ల ఇప్పటికి ఎంత నేర్చిందని కాదు, ఇక ముందు ఎంత నేర్వగలదని చూస్తారు. ఆ ముక్క మోకాలు చెప్పాలి. దానిమీద పట్టు కప్పితే ఎవరు చెబుతారు?" అని ఆమె అన్నారు.

ఇది మన నాట్యానికి మాత్రమే చెందిన సంగతి కాదు. పాశ్చాత్యుల బాలే పాఠశాలల్లో ప్రవేశ పరీక్షలకు వచ్చే బాలికలు ఒంటికి అతుక్కొని ఉండే లియోటార్డు, మేజోళ్ళు, మెత్తని చెప్పులు ధరించి, జుట్టు వెనుకకు ముడివేసికొని నిలబడతారు. తుంటి నుండి కాలు ఎంత మేరకు బయటకు తిరుగుతున్నదో, పాదపు వంపు ఎట్లున్నదో పరీక్షకులు చూడాలి. ఆ దుస్తుకు పేరిచ్చిన జూల్ లియోటార్ నర్తకుడే కాడు. పందొమ్మిదవ శతాబ్దంలో గాలిలో ఊగే ఉయ్యాలలపై విన్యాసాలు చేసిన ఫ్రెంచి సర్కసు కళాకారుడు. అంతకు నూరేండ్లకు పైబడి ముందే, పారిస్ రంగస్థలంమీద మరీ కమార్గో అనే నర్తకి తన పాదాల పని ప్రేక్షకులకు కనబడాలని పావడాను చీలమండల పైకి కత్తిరించుకొన్నది. ఆనాడు అదొక వింత. అడుగు వేయడంలో పడిన కష్టం నలుగురికీ కనబడాలన్న కోరిక ఆమెది. మన పిల్ల అద్దం ముందు అన్న మాటకూ దీనికీ తేడా ఏమున్నది?

ఆ రెండు లోకాలను కలిపిన వ్యక్తి రుక్మిణీదేవి అరండేల్. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవాతో పరిచయమై, ఆమె ప్రోత్సాహంతో బాలే పాఠాలు నేర్చి, పిదప స్వదేశపు నాట్యంవైపు మళ్ళినది. 1936లో మద్రాసులో కళాక్షేత్రం స్థాపించినది. రంగస్థలంపై దుస్తుల విషయంలో ఎంతో నిశితమైన అభిరుచి చూపిన ఆ సంస్థలో, అభ్యాసానికి మాత్రం నేటికీ సాదా నూలు చీరే. రంగస్థలపు దుస్తుకూ తరగతి దుస్తుకూ మధ్య గీత అక్కడ స్పష్టంగా గీసి ఉన్నది.

ఆ గీతకు మన శాస్త్రంలో ఆధారం లేకపోలేదు. నందికేశ్వరుని అభినయ దర్పణం అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించినది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. వేషభూషలు ఆహార్యం. అనగా ఆభరణం అలంకారానికి పెట్టుకొనేది కాదు, అదీ ఒక అభినయమే. కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ జడ ఇందుకు పెద్ద సాక్ష్యం. ఆ జడను తెరమీదుగా ప్రేక్షకుల వైపుకు వేసి, విద్యలో తనను గెలువగలవారు ఉన్నారా అని పండితులను సవాలు చేసే సంప్రదాయం ఉండేది. 2012లో కీర్తిశేషులైన వేదాంతం సత్యనారాయణ శర్మగారు పురుషులై యుండి ఆ జడను ధరించి రంగంమీదికి వస్తే, సత్యభామ కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయేది. జీవితకాలపు సాధన ఆ జడ వెనుక ఉన్నది. పన్నెండేండ్ల పిల్ల తలకు సవరం కట్టి, పిన్నులు గ్రుచ్చి, బరువుకు మెడ వంగిపోతుంటే "నవ్వు, నవ్వు" అని మేము గుమ్మం దగ్గర నిలబడి సైగలు చేశాము. తలచుకొంటే సిగ్గు కలుగుతున్నది.

అదే గ్రంథం గజ్జెలను గురించి కూడ వివరంగా చెప్పినది. కంచుతో చేసినవి కావాలనీ, నీలపు దారంతో గట్టి ముడులు వేసి గ్రుచ్చాలనీ, కాలికి నూరు గాని రెండు నూర్లు గాని ఉండాలనీ నియమం. గజ్జెలు వెంట తీసికొని వెళ్ళాలి, కట్టమన్నప్పుడే కట్టాలి అని టీచరుగారి సలహా. గజ్జెల రవళిలో అరికాలి చప్పుడు మునిగిపోతుంది. నేలను పాదం పూర్తిగా తాకుతున్నదా లేదా అన్నది ఆ చప్పుడే చెబుతుంది.

ఇక చీర సంగతి. ఇక్కడ మేము కొంత ఆలస్యం చేస్తాము, ఎందుకనగా తల్లులు మమ్ములను అడిగేది ఇదే. కొత్త నూలు చీర పనికిరాదు, గంజి దిగేవరకు అట్టవలె నిలబడి నడుము దగ్గర ఉబ్బుతుంది. కనీసం పది ఉతుకులు పడిన చీర కావాలి. నైలాను, సిల్కు మిశ్రమాలు ముడి నిలువవు. ముదురు రంగైతే చెమట మరకలు కనబడవు. అంచు సన్నగా ఉంటే మేలు. పెద్ద అంచు మోకాలి దగ్గర అడ్డంగా గీత గీసినట్లుండి కాలిని పొట్టిగా చూపిస్తుంది. రవికె చంక దగ్గర బిగువుగా ఉండకూడదు. చేతులు రెండూ పైకెత్తించి, ఒక్కసారి పూర్తిగా కూర్చోబెట్టి, పక్కకు వంచి చూచిన తరువాతనే అది సరిపోయినట్లు. చెవులకు చిన్న కమ్మలు. గాజులు వద్దు. తల బిగించి దువ్వి, ఒంటిజడ వేసి, కొసను నడుముకు దోపాలి. కండ్లకు కాటుక, నుదుట బొట్టు. మొగమంతా రంగు పూస్తే కనుబొమల కదలిక కనబడదు. కొన్ని చోట్ల పిలుపు ఉత్తరంలోనే దుస్తుల నియమం వ్రాసి ఉంటుంది. పూర్తి వేషంతో రమ్మన్నవారి దగ్గరకు పూర్తి వేషంతోనే వెళ్ళాలి, అందులో చర్చకు తావు లేదు. ఆ ఉత్తరాన్ని ఇంట్లో ఒకరైనా చివరి వరకు చదవాలి. (మన కార్యాలయపు సర్క్యులర్లు చదివినట్లు కాదు.)

ఢిల్లీవారికి అదనపు బాధ చలి. జనవరిలో గచ్చు మీద ఉత్తపాదాలతో నిలబడిన పిల్ల కండరాలు బిగుసుకొనిపోతాయి. చలికి పిల్లను బొంతలో చుట్టినట్లు చుట్టి తీసికొని వెళ్ళి, పిలుపు రాగానే అన్నీ ఒకేసారి విప్పి లోపలికి తోయడం కూడ మేము చూచాము. పైన స్వెట్టరు, కాళ్ళకు మేజోళ్ళు వేసి, తన వంతు వచ్చే ముందు పావుగంట వరండాలో అడుగులు వేయించాలి. మేజోళ్ళు మాత్రం తప్పక విప్పించాలి, నున్నని నేలమీద అవి ప్రమాదం.

రెండవ పర్యాయం పిలుపు వచ్చినప్పుడు అమ్మాయికి పదమూడు నిండినవి. వయఃపరిమితి దగ్గర పడుతున్నది గనుక ఇంట్లో అందరికీ గుండె పీచుపీచుమంటున్నది. తండ్రిగారు మరల మా సలహా అడుగలేదు. అడిగినా ఇచ్చేవారము కాము. ఆ ఉదయం అమ్మాయే బీరువా తెరచి, మోచేతి పొడుగున వెలిసిపోయిన నీలిరంగు ప్రాక్టీసు చీర తీసికొన్నది. కొంగు చివర చిన్న చిరుగు ఉన్నది. తల్లి అది చూచి, నోరు తెరిచి, మళ్ళీ మూసికొని, సూదీదారం తెచ్చి నాలుగు కుట్లు వేసినది. అంతటితో ఆమె వంతు సహనం పూర్తి అయినదనుకొంటాము. బస్సులో మాత్రం "కనీసం ఆ జుంకాలైనా..." అన్నదట.

లోపల ఏమి జరిగినదో అమ్మాయి మాటల్లోనే తెలిసినది. ఒక అడుగును మూడు కాలాలలో చేయమన్నారు. మధ్యలో ఆపి, ఇంకా క్రిందికి కూర్చొనమన్నారు. కూర్చొన్నది. ఒక పెద్దాయన కుర్చీలోనుండి లేచి, ప్రక్కకు వచ్చి, వంగి ఆమె పాదాలను చూచి, వెళ్ళి ఏదో వ్రాసికొన్నారు. "నాకు భయం వేయలేదు మామయ్యగారూ, ఈ చీర నాకు తెలుసు గదా" అన్నది. ఆ సాయంత్రం అందరమూ అశోకా రోడ్డుకు నడిచి వెళ్ళి, భవన్ భోజనశాలలో తిన్నాము. పిల్ల మూడుసార్లు అన్నం పెట్టించుకొన్నది.

ఫలితం ఈ సంచిక అచ్చుకు వెళ్ళే నాటికి రాలేదు. పట్టు కాస్ట్యూమ్ మాత్రం కలరా ఉండలు వేసి పెట్టెలో దాచి ఉంచారు. ఇప్పుడు నడుము సరిపోతున్నదట, పొడవే రెండంగుళాలు చాలటం లేదు. దాని కొరకు సంఘంలో తీసికొన్న అప్పు తాలూకు ఆఖరు వాయిదా గత నెల జీతంలో మినహాయించుకొన్నారని తండ్రిగారు జీతపు చీటీ తెచ్చి మాకు చూపించారు.