సూదుల వైద్యానికి వెళ్తున్నారా అక్కయ్యలూ?

మోకాళ్ల నొప్పి లేని ఇల్లు మా రేగోడ్‌లో వెతికినా దొరకదు. నాట్లు వేసి వేసి కొందరికి, పొయ్యి ముందు పీట మీద కూర్చుని జొన్న రొట్టెలు కొట్టి కొట్టి ఇంకొందరికి. నొప్పి గోలీలు మింగి కడుపులో మంట తెచ్చుకున్నాక, ‘సూదులు పెట్టిచ్చుకుంటే తగ్గుతదట గదా వదినా, నిజమేనా?’ అని అడుగుతారు. సూదులంటే ఇంజెక్షన్లు కావు, చైనా వాళ్ల ఆక్యుపంక్చర్. మా ఆడపడుచుకు సంగారెడ్డిలో పది సిట్టింగులు చేయించాం. ప్రతిసారీ తోడు వెళ్లింది నేనే కాబట్టి అక్కడేం చేస్తారో వివరంగా చెప్పగలను.

ముందు ఇది మన దేశానికి ఎలా వచ్చిందో రెండు మాటలు. మగ్గాల పనికి మన వైపు నుంచి షోలాపూర్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కదా! డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ ఆ ఊరివారే. 1938లో, జపాన్‌తో యుద్ధంలో నలిగిపోతున్న చైనాకు మనవాళ్లు అయిదుగురు డాక్టర్లను పంపితే అందులో ఆయన ఒకరు. అక్కడి నర్సింగ్ టీచరును పెళ్లాడి, 1942లో 32 ఏళ్లకే అక్కడే కన్నుమూశారు. శాంతారాం గారు 1946లో ఆయన కథను సినిమాగా కూడా తీశారు. అయితే సూదుల వైద్యం తెచ్చింది కోట్నిస్ కాదు, ఆయనతో పాటు వెళ్లిన కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1950ల చివర్లో ఆయన మళ్లీ చైనా వెళ్లి, నేర్చుకుని వచ్చి, కలకత్తాలో మొదలుపెట్టారు.

ఇక అసలు సంగతి. మొదటి రోజు సూది కన్నా ప్రశ్నలే ఎక్కువ. నిద్ర ఎలా పడుతుంది, విరేచనం సాఫీగా అవుతుందా, నెలసరి ఎలా ఉంది, చలి ఎక్కువా వేడి ఎక్కువా... మోకాలి నొప్పికి ఇవన్నీ ఎందుకని మా ఆడపడుచు విసుక్కుంది. వాళ్ల లెక్క వేరు. ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి కొన్ని దారుల్లో పారుతుందనీ, అది అడ్డుపడ్డ చోట నొప్పి వస్తుందనీ చైనా వైద్యం అంటుంది. ఆ దారుల మీద ఇప్పుడు 361 బిందువులను గుర్తిస్తున్నారు. అందుకే నాలుక చాపమంటారు, రెండు చేతుల నాడీ మూడేసి చోట్ల పట్టి చూస్తారు. మన ఆయుర్వేదం వాళ్లూ నాడి చూస్తారుగా, అలాగే అన్నమాట. ఆ రోజు పొద్దున నాలుక గీసుకోకండి. పసుపు పాలు, వక్కపొడి కూడా వద్దు. రంగు అంటితే వాళ్లకు నాలుక సరిగా కనబడదు.

పరగడుపున అస్సలు వెళ్లకండి. ఖాళీ కడుపుతో సూదులు పెట్టించుకుంటే కొందరికి కళ్లు తిరుగుతాయి. అలాగని పండగ భోజనం చేసి కూడా వద్దు. గంట ముందు రెండు ఇడ్లీలో, కాస్త ఉప్మానో చాలు. మోకాలి పైదాకా జరిగే వదులు లంగా గానీ, సల్వార్ గానీ వేసుకుంటే సిగ్గు పడాల్సిన పని ఉండదు. తెర ఉందా, ఆడ మనిషి ఎవరైనా ఉన్నారా అని ముందే అడగండి. అడగటంలో తప్పేమీ లేదు. చీర కట్టుకుంటే పిన్నీసులన్నీ తీసి పర్సులో పెట్టుకోండి. పడుకున్నాక అవి గుచ్చుకున్నంతగా ఆ సూదులు గుచ్చుకోవు!

నిజంగానే వెంట్రుక కన్నా కొంచెమే లావుంటాయి. మందేమీ ఎక్కించరు. చీమ కుట్టినట్టు చిన్న చురుకు, అంతే. కాసేపటికి అక్కడ బరువుగా, లాగుతున్నట్టుగా, తిమ్మిరెక్కినట్టుగా ఉంటుంది. సూది పని చేస్తోందనడానికి అది గుర్తని వాళ్లంటారు. కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే గానీ, భగ్గున మండితే గానీ వెంటనే చెప్పండి, ఓర్చుకోవద్దు. మనకు ఓర్చుకోవడం అలవాటు కదా, అదే చిక్కు. మోకాలి చుట్టూనే కాదు, పాదం మీద, చేతి మీద కూడా పెడతారు. ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా కదలకుండా పడుకోవాలి. మా ఆడపడుచు రెండోసారికే గుర్రు పెట్టి నిద్రపోయింది. ఇంట్లో మధ్యాహ్నం అరగంట ఎవరు పడుకోనిస్తారు చెప్పండి!

కొన్నిచోట్ల సూదులకు క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు ఇస్తారు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీనికి ఒప్పుకోరాదు. కొన్నిచోట్ల ఎండుటాకు చుట్ట ముట్టించి, చర్మానికి తగలకుండా సెగ పెడతారు. ఆ ఆకు ఏమిటనుకున్నారు? వినాయకచవితి పత్రిలో మొదట వేసే మన మాచిపత్రి జాతిదే! షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారిన వాళ్లు మాత్రం ఈ సెగ వద్దనాలి. కాలినా తెలియదు. గాజు బుడ్లు వీపుకు అతికిస్తే గుండ్రంగా కమిలిన మచ్చలు పడి వారం దాకా ఉంటాయి. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి, హడలిపోతారు.

అన్నిటికన్నా గట్టిగా చూడాల్సింది సూదుల శుభ్రం. సీలు మీ కళ్ల ముందే చించాలి, వాడాక పారేయాలి. ఒకరికి గుచ్చినది ఇంకొకరికి గుచ్చితే కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి లాంటివి అంటుకుంటాయి. ఒక ఉచిత శిబిరంలో, పేరెందుకు గానీ, స్పిరిట్ గిన్నెలో వేసి అవే సూదులు మళ్లీ వాడటం చూసి నేను అట్నుంచి అటే వచ్చేశాను. ఇంకో మాట. పెట్టేటప్పుడు లెక్కపెట్టండి, తీసేటప్పుడూ లెక్కపెట్టండి. పదకొండు పెడితే పదకొండూ బయటికి రావాలి.

గోడ మీది సర్టిఫికెట్టు కూడా చదవండి. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. అయినా నాలుగు వారాలు నేర్చుకుని బోర్డు పెట్టేవాళ్లు ఉన్నారు. ఎక్కడ, ఎన్నాళ్లు చదివారో అడగండి. ఛాతీ మీద, భుజం మీద తెలియనివాళ్లు లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది. అరుదే, కానీ ఉంది. గర్భం ఉన్నా, అనుమానమున్నా మొదటే చెప్పాలి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య చోటు, చీలమండ పైన లోపలి వైపు చోటు గర్భిణులకు గుచ్చకూడదంటారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ దాచకండి.

తగ్గుతుందా అంటే... తలనొప్పి, పార్శ్వపు నొప్పి, ఎప్పటినుంచో వేధించే ఒళ్లునొప్పులు, ఆపరేషన్ తర్వాతి వాంతులు, వీటికి కొంత మేలు చేస్తుందని పరీక్షల్లో తేలింది. గుచ్చినట్టు నటించే ఉత్తుత్తి సూదులతో కూడా చాలామందికి దాదాపు అంతే తగ్గిందని కూడా అవే పరీక్షలు చెప్పాయి. రెండూ తెలుసుకుని వెళ్లండి. షుగరు పోగొడతాం, థైరాయిడ్ గోలీ మానేయండి అనేవాళ్ల దగ్గర మాత్రం చెప్పులేసుకుని లేచి వచ్చేయండి. బీపీ గోలీ ఒక్క రోజు కూడా ఆపకూడదు. రొమ్ములో గడ్డ, ఒక్కసారిగా కాలు వాయడం, మూతి వంకర పోవడం, ఇవి సూదులకు లొంగేవి కావు, పెద్దాసుపత్రికే.

మా ఆడపడుచుకు సిట్టింగుకు మూడు వందలు. మహాలక్ష్మి పథకం వచ్చిన 2023 డిసెంబరు తర్వాత కాబట్టి బస్సు టికెట్టు లేదు. మొత్తం మూడు వేలు, చీటీ డబ్బుల్లోంచి తీసింది. మొదటి రెండుసార్లకు ఆ రాత్రి నొప్పి కాస్త పెరిగింది, మర్నాటికి సర్దుకుంది. ఆరోసారికి బస్సు మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. కింద కూర్చుని లేవడం మాత్రం ఇప్పటికీ కష్టమే. ఎక్స్‌రేలో కనబడ్డ అరుగుదలను సూది ఎలా పూడుస్తుంది? స్టవ్వు గట్టు మీదికి మార్చి, నిలబడి రొట్టెలు చేసుకుంటోంది. నొప్పి గోలీ రోజూ వేసుకునేది, ఇప్పుడు వారానికి ఒకటో రెండో. ఆ మూడు వేలు దండగ కాలేదని ఆమె అంటుంది, ఆయన మాత్రం ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. మీరైతే పదింటికీ ముందే డబ్బు కట్టకండి. అయిదారు సిట్టింగులకు రవ్వంత మార్పు లేకపోతే మానేయవచ్చు.

సూది లేకుండా చేసుకునేది ఒకటి ఉంది. బస్సెక్కితే వాంతులయ్యేవాళ్లకు పనికొస్తుందేమో. మణికట్టు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్లు కొలిచి, మధ్యలో రెండు నరాల్లా తగిలేవాటి నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి, రెండు మూడు నిమిషాలు. నిమ్మకాయ వాసన చూడటం ఎలాగూ ఉన్నదే!