బోర్డు బస్తీలో, బ్యాంకు ఖాతా ఎక్కడో

మూసీకి కూతవేటు దూరంలో ఓ బస్తీ. గల్లీ మొదట్లో మూడు స్టీలు బేసిన్లు, వాటి పైన ఓ దాతృత్వ సంస్థ పేరు, గుర్తు, కింద 'ప్రజల భాగస్వామ్యంతో' అన్న మాట. కుళాయిలున్నాయి, వాటికి పైపు లేదు. ప్రారంభోత్సవం నాడు వెనకాల డ్రమ్ములో నీళ్లు పోసి తిప్పి చూపించారట. నేను వెళ్లేసరికి బేసిన్ కింద ఎవరో కోళ్ల గంప పెట్టుకున్నారు. "వానొస్తే మోరీ నీళ్లు ఇండ్లల్లకొస్తున్నయ్, గది జేయిండ్రి సారూ అన్నం. చేతులెట్ల కడుక్కోవాల్నో నేర్పిచ్చి పోయిండ్రు" అంది పొదుపు సంఘం లీడరు. ఆమె సంచిలో సంఘం పాస్‌బుక్కు ఉంది. బేసిన్ల కోసం వచ్చిన డబ్బులో ఒక్క రూపాయి ఆ పుస్తకంలోకి ఎక్కలేదు.

పట్టణ పేదరికం మీద ఏ సదస్సు జరిగినా ఇప్పుడు 'ప్రజల నాయకత్వం' అనే మాట వినపడకుండా ముగియదు. ఫౌండేషన్లు ఎంత ఇవ్వాలి, ఎవరి ద్వారా ఇవ్వాలి, ఫలితాన్ని ఏ కొలతతో కొలవాలి, అన్నీ మాట్లాడతారు. ఖాతా ఎవరి పేరున ఉండాలన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. డబ్బు వాళ్ల చేతికి రానప్పుడు నాయకత్వం బస్తీది అనడం ఉత్త మర్యాద మాట.

ఈ చర్చల్లో ఎవరికీ గుర్తురాని అంకె ఒకటుంది: మూడు వేల డాలర్లు. 2008 చివర్లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే ఏషియన్ కోయలిషన్ ఫర్ హౌసింగ్ రైట్స్ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక్కో బస్తీ చేపట్టే చిన్న పనికి ఇచ్చేది గరిష్ఠంగా 3,000 డాలర్లు. అప్పటి మారకంలో అటూఇటుగా లక్షన్నర రూపాయలు. నగరానికి ఇలాంటివి కనీసం అయిదు, ఇళ్ల నిర్మాణం లాంటి పెద్ద పని ఒకదానికి 40,000 డాలర్ల దాకా. పని ఏదో బస్తీయే తేల్చుకునేది. మోరీనా, కాలిబాటా, నల్లానా అన్నది వాళ్లిష్టం. డబ్బు వాళ్ల పొదుపు సంఘానికే వచ్చేది, సామాను వాళ్లే కొనేవారు, లెక్క వాళ్లే రాసేవారు. ఇలా 19 దేశాల్లో నూటయాభైకి పైగా నగరాల్లో జరిగింది.

మూడు వేల డాలర్లతో పేదరికం పోతుందా అని నవ్వేవాళ్లున్నారు. అసలు కిటుకు వాళ్లకు అందదు. అంత కొద్ది మొత్తం కావడం వల్లే కాంట్రాక్టరు దాని వైపు కన్నెత్తి చూడడు, సలహా సంస్థకు అందులో గిట్టుబాటు లేదు. చాలకపోవడం వల్లే గల్లీవాళ్లు తలా కొంత వేసుకుంటారు, పనికి దిగుతారు, మిగతాది అడగడానికి కలిసి మున్సిపాలిటీకి పోతారు. వియత్నాంలోని విన్హ్ నగరంలో 29 కుటుంబాలు ఇలాగే కూడి తమ పాత వరుస ఇళ్లను తామే మళ్లీ కట్టుకున్నాయి. వాళ్లుంటున్న జాగా నిబంధనల కొలతకు చాలదన్న అధికారులను ఒప్పించి చిన్న స్థలాల్లోనే అనుమతి తెచ్చుకున్నాయి. ఆ కొలతను కదిలించింది నిపుణుల నివేదిక కాదు, ఆ కుటుంబాలే.

ఇదే లెక్క మన దగ్గర వేద్దాం. గ్రేటర్ హైదరాబాద్‌లో అధికారులు తరచూ చెప్పే మురికివాడల సంఖ్య 1,476. (మురికివాడ అన్న మాటే వాళ్లది. అక్కడ ఉండేవాళ్లు బస్తీ అంటారు.) తలా మూడు వేల డాలర్లు, 2024 నాటి మారకంలో సుమారు రెండున్నర లక్షలు. అన్నీ కలిపితే 37 కోట్లు. దుర్గం చెరువు మీద తీగల వంతెనకు అయింది 184 కోట్లు. అందులో అయిదో వంతుతో నగరంలోని ప్రతి బస్తీ చేతిలోనూ సొంతంగా ఖర్చు పెట్టుకునే డబ్బు ఉండేది. డబ్బు లేదనే వాదన దయచేసి వద్దు. దేశంలో కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు ఏడాదికి పాతిక వేల కోట్లు దాటింది. మురికివాడల అభివృద్ధిని 2014లోనే కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో చేర్చారు. ఆ పద్దు కింద చూపేది మొత్తంలో ఒక శాతం కూడా లేదు.

బస్తీ చేతికి డబ్బు ఎందుకు రాదో చట్టాలు చూస్తే తెలుస్తుంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషేధం. 2022లో సుప్రీంకోర్టు కూడా ఈ సవరణను సమర్థించింది. అంటే పెద్ద సంస్థ డబ్బు తెచ్చి చిన్న సంస్థలకు పంచే దారి మూసుకుపోయింది. ఇక బస్తీ సంఘం పాస్‌బుక్కులో వేద్దామంటే ఏ ఆడిటరు సంతకం పెడతాడు? స్వదేశీ కంపెనీల డబ్బుకు ఇంకో గేటు. 2021 నిబంధనల ప్రకారం, పని అప్పగించాలంటే సదరు సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులు ఉండాలి, మూడేళ్ల అనుభవం ఉండాలి, కేంద్రం దగ్గర నమోదై ఉండాలి. కూరగాయల బండి నడిపే ఆడవాళ్ల సంఘం 80జీ ఎక్కణ్నుంచి తెస్తుంది? మూడు వేల డాలర్లు ఖర్చు పెట్టడానికి ముందు మూడు వేల డాలర్ల కాగితాలు కావాలి.

బస్తీకి ఇస్తే బస్తీ లీడరు తినేస్తాడు అంటారు. తినేవాళ్లు లేరని నేననను, చూశాను కూడా. అయితే రెండున్నర లక్షల పని గల్లీలో అందరి కళ్ల ముందు జరుగుతుంది, సిమెంటు బస్తా ఎంతో ఆ గల్లీ మేస్త్రీకి తెలుసు. సూట్‌కేసుతో విమానంలో వచ్చే సలహాదారు బిల్లు ఎంతో మాత్రం బస్తీలో ఎవరికీ తెలియదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. జూబ్లీహిల్స్‌లో మోరీ కోసం ఎవరూ చందా వేసుకోరు, పేదవాడే ఎందుకు వేసుకోవాలి? న్యాయమైన ప్రశ్నే. దానికి అహ్మదాబాద్ సగం జవాబు చెప్పింది. 1995లో అక్కడ మొదలైన బస్తీల మెరుగుదల పథకంలో ఒక్కో కుటుంబం 2,000 రూపాయలు, నిర్వహణకు ఇంకో 100 కట్టింది. అక్కడి సంజయ్‌నగర్ బస్తీలో ఒక వాటా అరవింద్ మిల్లుల వారి ట్రస్టు వేసింది, ఇంకోటి కార్పొరేషన్. కార్పొరేషన్ దాంతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చింది, పదేళ్లపాటు ఖాళీ చేయించబోమని. ఆ కాగితం ఉండబట్టే ఆ రెండు వేలకు అర్థం ఉంది. రేపు ఉంటామో లేదో తెలియని ఇంటి ముందు మోరీ ఎవరు తవ్వుకుంటారు? 2024లో అధికారులు మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని, అంటే కూల్చాల్సిన ఇళ్లని, రాసి వెళ్లారు. ఆ గోడ లోపలివాళ్లను పట్టుకుని భాగస్వామ్యం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి మనిషికి తోలు కాస్త మందంగా ఉండాలి.

ఇవన్నీ హైదరాబాద్‌కు కొత్త కాదు, అదే నాకు కోపం. 1967లోనే ఇక్కడి కార్పొరేషన్‌లో పట్టణ సముదాయాభివృద్ధి విభాగం పెట్టారు. ముందు బస్తీకి వెళ్లి ఏం కావాలో అడగడమే దాని ఉద్యోగం. 1980ల్లో బ్రిటన్ సాయం పెద్ద ఎత్తున వచ్చాక రోడ్లు, పైపుల అంచనాలదే పైచేయి అయింది. అడిగే ఉద్యోగం పక్కకు జరిగింది. ఇవాళ్టి ఫౌండేషన్లకు ఆ చరిత్ర తెలియదు. తెలుసుకునే తీరికా లేదు, మార్చి 31 లోపు ఖర్చు చూపాలి, ఫొటోలు పంపాలి.

కాబట్టి వార్షిక నివేదికలో 'ప్రజల నాయకత్వం' అని రాసే ప్రతి ఫౌండేషన్‌నూ ఇకపై ఒక్కటే అడగాలి: బస్తీ సంఘం పాస్‌బుక్కులో మీరు వేసిన మూడు వేల డాలర్లు ఏవి? వేయనివ్వని చట్టమైతే, ఆ చట్టం మార్చమని మీరు ఒక్క ఉత్తరమైనా రాశారా? మంత్రుల పక్కన వేదిక మీద కూర్చున్నప్పుడు నోరు పెగిలిందా?

మళ్లీ ఆ బస్తీకి వెళితే పొదుపు లీడరు కొత్త కబురు చెప్పింది. బేసిన్ల వాళ్లే వచ్చారట, ఈసారి గోడలకు బొమ్మలు, రంగులు వేస్తారట. "ఎర్ర గుర్తున్న గోడలకు గూడ ఏస్తరా అని అడిగిన సారూ. గా ఇండ్లు మా లిస్టుల లేవన్నరు."