వాడరేవుకు వెళ్లే ముందు

కార్తీక పౌర్ణమి వస్తే చీరాల ఆటోలన్నీ వాడరేవు దారి పడతాయి. వద్దంటే వినేదెవరు? అక్కడి సముద్రంలో అలలు విరగకుండా, నీరు నల్లగా నిమ్మళంగా కనిపించే సందు ఒకటి ఉంటుంది. పిల్లల్ని దింపడానికి అదే మేలనిపిస్తుంది. కానీ ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి లాక్కుపోయేది తరచూ అందులోంచే. చిక్కితే ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఈత రాకుంటే వెల్లకిలా తేలుతూ కేకెయ్యాలి. కాపాడాలని మీరూ దూకకండి. తాడో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి. బయటికి తీశాక పొట్ట నొక్కడం, గిరగిరా తిప్పడం మనవాళ్ల అలవాటు. పోయేది సమయమే. ఊపిరి ఆడకపోతే నోట్లోకి గాలి ఊదుతూ ఛాతీ నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

నీటమునక నివారణకు ఐక్యరాజ్యసమితి 2021లో ప్రకటించిన రోజు జులై 25. ఇక్కడ జనం పోటెత్తేది కార్తీకంలో గనుక ఈ జాగ్రత్తలను ఈ సంచికకే ఉంచాం.