ప్రేమలేఖ నుంచి శుభలేఖ దాకా!

ఎప్పుడూ చిటపటలాడే మేనేజరు దగ్గర్నుంచి ఓ ఉదయం 'ఐ లవ్ యూ' అంటూ ఈ-మెయిల్ వస్తే? నమ్మినా నమ్మకపోయినా లోపలేముందో చూడకుండా ఉండటం కష్టమే. 2000 సంవత్సరం మే 4న ప్రపంచవ్యాప్తంగా ఎంతోమంది ఉద్యోగులు అదే చేశారు. మెయిల్‌తో పాటు 'మీకో ప్రేమలేఖ' అన్న పేరుతో ఓ ఫైలు వచ్చింది. చూడ్డానికి మామూలు టెక్స్ట్ ఫైలే. నిజానికి ఆ పేరు చివర '.విబిఎస్' అని ఇంకో తోక ఉంది. విండోస్ ఆ తోకను దాచేసి చూపించడంతో, అది ఉత్తరం కాదనీ కంప్యూటర్‌కి పనులు పురమాయించే ప్రోగ్రామ్ అనీ చాలామందికి తట్టలేదు. నొక్కడమే ఆలస్యం... అవుట్‌లుక్‌లో చిరునామాలున్న ప్రతి ఒక్కరికీ తన నకలు పంపుకుంది, అదీ ఆ కంప్యూటర్ యజమాని పేరుతో! అంతటితో ఆగక హార్డ్‌డిస్కులో ఫొటోలు ఎక్కడున్నాయో వెతికి, వాటిని చెరిపి ఆ చోట తననే రాసుకుంది. పెళ్లి ఫొటోలా, పాపాయి తొలి పుట్టినరోజువా... దానికేం పట్టింపు? బ్రిటన్ పార్లమెంటు దిగువసభ సైతం ఆరోజు తన మెయిల్ వ్యవస్థను ఆపేసుకోవాల్సి వచ్చింది.

దీని పుట్టిల్లు ఫిలిప్పీన్స్ రాజధాని మనీలా. రాసింది ఓనెల్ డి గుజ్మాన్ అనే కంప్యూటర్ విద్యార్థి. ఇంటర్నెట్‌కి డబ్బు కట్టే స్తోమత లేక ఇతరుల పాస్‌వర్డులు కొట్టేద్దామనుకున్నానని ఇరవై ఏళ్ల తర్వాత అతనే ఓ పాత్రికేయుడి దగ్గర ఒప్పుకున్నాడు. అప్పటికి ఆ దేశంలో ఇలాంటి పనికి శిక్ష వేసే చట్టం లేకపోవడంతో కేసు నిలవలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు... అక్కడ మరుసటి నెలలోనే చట్టం వచ్చింది లెండి!

చాలామంది దీన్ని వైరస్ అన్నారు కానీ నిపుణుల లెక్కలో ఇది వార్మ్. వైరస్ ఒంటరిగా బతకలేదు, ఏదో ఒక ప్రోగ్రామ్‌కో ఫైలుకో అంటుకుని ఉండాల్సిందే. వార్మ్‌కి ఆ ఆసరా అక్కర్లేదు. తన నకళ్లను తానే తయారుచేసుకుని ఒక కంప్యూటర్ నుంచి మరోదాంట్లోకి పాకేస్తుంది. పనికొచ్చే సరుకులా నటిస్తూ ఇంట్లోకి వచ్చేది ట్రోజన్. మీటల మీద ఏ అక్షరాలు నొక్కారో గమనించి పాస్‌వర్డులు చేరవేసేది కీలాగర్. అన్నిటికీ ఉమ్మడి ఇంటిపేరు మాల్‌వేర్.

ప్రేమలేఖను కనీసం ఎవరో ఒకరు తెరవాలి. 2017 మే 12న విరుచుకుపడ్డ 'వానాక్రై'కి ఆ అవసరమూ లేకపోయింది. విండోస్‌లోని ఓ లోపాన్ని సందుగా చేసుకుని కంప్యూటర్లలో దూరింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు ఇస్తేనే తాళంచెవి అంది. ఇలా ఫైళ్లను బందీ చేసి డబ్బు గుంజేదే రాన్సమ్‌వేర్. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని బారిన పడ్డాయి. బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో అయితే ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, దాదాపు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. అక్కడి మార్కస్ హచిన్స్ అనే కుర్రాడు, ఈ వార్మ్ పదేపదే వెతుకుతున్న ఓ వెబ్‌సైట్ పేరు ఎవరి పేరునా లేదని గమనించి, పది డాలర్లు పెట్టి దాన్ని కొన్నాడు. దాంతో వ్యాప్తికి కళ్లెం పడింది! అసలు కడుపు మండే సంగతేంటంటే, ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. 'తర్వాత చూద్దాం' అని నొక్కేసిన చోట్లే దెబ్బ గట్టిగా తగిలింది.

ఇప్పుడు కంప్యూటర్ ఫోన్ రూపంలో జేబులోకొచ్చింది. ప్రేమలేఖ కాస్తా శుభలేఖ అయింది. వాట్సప్‌లో పెళ్లిపిలుపు వస్తుంది, ఒక్కోసారి సాక్షాత్తూ మేనమామ నంబరు నుంచే. పేరు చివర మళ్లీ తోక... ఈసారి '.ఏపీకే'. నిజమైన శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వీడియోగానో వస్తుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను పెట్టే ఫైలు. తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌ను ఇన్‌స్టాల్ చేయమంటారా అని ఫోన్ అడుగుతుంది కూడా. పెళ్లి ముహూర్తం చదువుకోవడానికి ఈ అనుమతులేంటని ఆగాల్సింది అక్కడే. సరేనంటే అది మెసేజ్‌లు చదివే అనుమతీ కోరుతుంది. ఇక బ్యాంకు పంపే ఓటీపీ ఇంటాయన చూసేలోపే దొంగ చూసేస్తాడు.

పొరపాటున నొక్కేస్తే ముందు వైఫై, మొబైల్ డేటా ఆపేయాలి. మరో ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల సహాయ నంబరు 1930కీ వెంటనే చెప్పాలి. పోయిన డబ్బు చేతులు మారకముందే దాన్ని ఆపించొచ్చు. ఆ తర్వాత చుట్టాలందరికీ ఓ మాట చెప్పాలి. ఈపాటికి అదే పెళ్లిపిలుపు మీ పేరుతో వాళ్లకీ వెళ్లి ఉంటుంది.